బార్ చార్టులో ఏ బార్ మాట్లాడాలి?

ఈ నెల నాకు చేరిన ఉత్తరాల్లో సగానికి పైగా పైథాన్‌లో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతో వేసే బార్ చార్టుల గురించే. విశాఖపట్నం కాలేజీల్లో ప్రాజెక్టుల సమయం, ఆఫీసుల్లో సంవత్సరాంతపు లెక్కల సమయం ఒకేసారి వచ్చిపడ్డాయి మరి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉంటాయి. కంప్యూటర్‌లో ఇంగ్లీషు చిన్నక్షరాలతో కొట్టండి. ట్రూ, ఫాల్స్‌లకి మొదటి అక్షరం, ఆర్‌సీపారమ్స్‌లో పి, ఫాంట్‌మేనేజర్‌లో ఎం మాత్రం పెద్దక్షరాలు. ‘అండర్‌స్కోర్’ అన్నచోట కింది గీత పెట్టండి. ‘ఏఎక్స్’ అని నేను రాసేది సబ్‌ప్లాట్స్ కమాండ్ ఇచ్చినప్పుడు మన చేతికి వచ్చే చార్టు గురించి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. సాయంత్రం కాలేజీలు, ఆఫీసులు వదిలే వేళ మద్దిలపాలెం, హనుమంతవాక, జగదాంబ, ఎన్‌ఏడీ, గాజువాక, గోపాలపట్నం బస్టాపుల్లో ఎంతమంది నిలబడి ఉంటున్నారో నేనూ నా ఫ్రెండ్సూ లెక్కపెట్టాం. బార్ చార్టు వేస్తే అన్నీ ఒకే నీలం రంగులో వచ్చాయి. చప్పగా ఉందని ఒక్కో బార్‌కి ఒక్కో రంగు వేశాను. మా సార్ చూసి కళ్ళు చెదురుతున్నాయన్నారు. చార్టు ప్రొఫెషనల్‌గా కనిపించాలంటే ఏం చెయ్యాలి? – ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: నిలబడి మనుషుల్ని లెక్కపెట్టి తెచ్చిన అంకెలు కాబట్టి ఈ చార్టుకి విలువ ఉందమ్మా. ఇంటర్నెట్‌లో దొరికిన ఫైలుతో వేసినది కాదు. ఆ కష్టం కనబడాలంటే, కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకో: ఈ చార్టు చూసినవాళ్ళకి నేను ఏం చెప్పదలుచుకున్నాను? ‘అన్ని స్టాపుల కంటే హనుమంతవాకలోనే ఎక్కువమంది ఎదురుచూస్తున్నారు’ అన్నది నీ వాక్యం అనుకుందాం. అప్పుడు నీకు కావలసినవి రెండే రంగులు. హనుమంతవాకకి ఒక గట్టి రంగు, మిగతా అన్నింటికీ బూడిద రంగు. పెళ్ళిపందిట్లో ఆడవాళ్ళందరూ పెళ్ళికూతురిలా ముస్తాబైతే పెళ్ళికూతురెవరో తెలియదు. నీ రంగురంగుల చార్టులో జరిగింది అదే.

చెయ్యడం చాలా సులువు. బార్ కమాండ్‌లో కలర్ అనే చోట ఒక్క రంగు పేరు బదులు రంగుల జాబితా ఇవ్వొచ్చు. ఎన్ని బార్లుంటే అన్ని రంగులు, అదే వరసలో. ఐదు చోట్ల లైట్‌గ్రే, ఒక్క చోట డార్క్‌ఆరెంజ్ అని రాస్తే సరిపోతుంది. నువ్వు చప్పగా ఉందన్న ఆ నీలం 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి అందరికీ వచ్చే మొదటి రంగు. అది చెడ్డ రంగేమీ కాదు, కళ్ళకి హాయిగానే ఉంటుంది. కాకపోతే అన్ని బార్లకీ సమానంగా పడుతుంది కాబట్టి ఏదీ ముందుకు రాదు.

తర్వాత వరస. నువ్వు స్టాపుల్ని తిరిగిన క్రమంలో పెట్టినట్టున్నావు. చూసేవాళ్ళకి నువ్వు తిరిగిన దారితో పనిలేదు. ఎక్కువ నుంచి తక్కువకి పెట్టు. పట్టికల లెక్కలకి పాండాస్ లైబ్రరీ వాడుతుంటే సార్ట్ అండర్‌స్కోర్ వాల్యూస్ అన్న ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. ఊళ్ళ పేర్లు పొడుగ్గా ఉన్నాయి కదా, కింద ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి రావు. చాలామంది వాటిని ఏటవాలుగా తిప్పుతారు. అలా చేస్తే చూసేవాళ్ళు మెడ వంచాల్సి వస్తుంది, నాకైతే అది అస్సలు నచ్చదు. బార్ బదులు బార్‌హెచ్ వాడు. బార్లు అడ్డంగా పడుకుంటాయి, పేర్లు ఎడమ పక్కన హాయిగా చదువుకునేలా వస్తాయి. బార్‌హెచ్ మొదటి పేరుని అడుగున పెడుతుంది. అన్నింటికంటే పెద్దది పైన రావాలంటే ఏఎక్స్ మీద ఇన్వర్ట్ అండర్‌స్కోర్ వైఆక్సిస్ అని ఒకసారి పిలువు.

ఇక అనవసరమైనవి తీసెయ్యి. చార్టు చుట్టూ పెట్టెలా కనిపించే నాలుగు గీతల్ని స్పైన్స్ అంటారు. పైదీ కుడిదీ దేనికీ పనికిరావు. స్పైన్స్‌లో టాప్, రైట్ తీసుకుని సెట్ అండర్‌స్కోర్ విజిబుల్‌కి ఫాల్స్ ఇస్తే పోతాయి. బార్ చివర అంకె రావాలంటే బార్ అండర్‌స్కోర్ లేబుల్ ఉంది. 2021లో 3.4 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ప్రతి అంకెనీ మనమే లెక్కకట్టి ఎక్కడ రాయాలో చెప్పాల్సి వచ్చేది. అందులో ప్యాడింగ్ 4 ఇస్తే అంకె బార్‌కి అతుక్కోకుండా కాస్త ఎడంగా నిలబడుతుంది. అంకెలు బార్ల పక్కనే ఉన్నాక కింద మళ్ళీ 0, 50, 100 అంటూ కొలబద్ద దేనికి? ఒకే సంగతిని రెండుసార్లు చెప్పకు. కొలబద్ద తీసెయ్, లేదంటే అంకెలు మానేసి కొలబద్ద ఉంచు.

గ్రిడ్ గీతలు ఉంచదలుచుకుంటే అవి బార్ల మీంచి పోకుండా సెట్ అండర్‌స్కోర్ ఆక్సిస్‌బిలో అన్నదానికి ట్రూ ఇవ్వు. పై శీర్షికగా ‘బస్టాపుల వారీగా ప్రయాణికుల సంఖ్య’ అని కాకుండా, నువ్వు కాగితం మీద రాసుకున్న వాక్యాన్నే పెట్టు. మీ సార్‌కి తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న: నమస్తే అక్కా. మా నాన్నది మర బోటు, లెక్కలు నేను చూస్తాను. నెలనెలా ఎన్ని టన్నుల చేప దించామో పన్నెండు బార్లు వేశాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చార్టు గుంట పడినట్టు కనిపిస్తోంది. లోన్ కోసం ఒకచోట చూపిస్తే ‘ఈ మూడు నెలలూ వ్యాపారం పడిపోయిందా?’ అని అడిగారు. అది వేట నిషేధం అని చార్టులోనే తెలిసేలా ఎలా చెయ్యాలి? బార్లు తీసేసి గీత వేస్తే నయమా? – ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: గీత వద్దు తమ్ముడూ. గీత వేస్తే మార్చి నుంచి మే వరకూ జారుడుబల్లలా దిగి, మే నుంచి జూలైకి ఎక్కినట్టు కనిపిస్తుంది. వేట అలా కొద్దికొద్దిగా తగ్గలేదు, ఒకరోజు పూర్తిగా ఆగింది. బార్లయితే ఏ నెలకి ఆ నెల విడిగా నిలబడతాయి. 1786లో స్కాట్లండ్‌కి చెందిన విలియం ప్లేఫెయిర్ బార్ చార్టు వేసిందీ ఇలాంటి కారణానికే. ఏళ్ళ తరబడి లెక్కలున్న దేశాలకి ఆయన గీతలు గీశాడు. స్కాట్లండ్ వ్యాపారానికి మాత్రం 1781వ సంవత్సరం ఒక్కదానివే అంకెలు దొరికాయి. కలపడానికి ఏమీ లేదు కాబట్టి ఒక్కో దేశానికి దిగుమతులకొకటి, ఎగుమతులకొకటి చొప్పున బార్లు గీశాడు.

నీ చార్టులో నెలల పేర్లు ఇచ్చినప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ లోపల వాటికి వరస అంకెలు వేసుకుంటుంది. జనవరి 0, ఫిబ్రవరి 1, ఏప్రిల్ 3, మే 4, జూన్ 5. ఏప్రిల్ బార్ సరిగ్గా 3 మీద నిలబడుతుంది, అంటే 3 అన్నది ఏప్రిల్ మధ్య అన్నమాట. మన తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు. అంటే 3 నుంచి 5 వరకు! బార్లు వేశాక ఏఎక్స్‌వీస్పాన్ అనే కమాండ్‌కి 3, 5 ఇవ్వు. రంగు లైట్‌గ్రే, జెడ్‌ఆర్డర్ 0. బార్ల వెనక బూడిద రంగు పట్టీ పడుతుంది. ఏప్రిల్ బార్ కుడి సగం, జూన్ బార్ ఎడమ సగం ఆ పట్టీ మీద ఉంటాయి. సముద్రంలో జరిగింది జరిగినట్టు కాగితం మీదకి వస్తుంది. జెడ్‌ఆర్డర్ మర్చిపోతే పట్టీ బార్ల మీదకి వచ్చి కప్పేస్తుంది, అది ఒక్కటీ చూసుకో. 4 దగ్గర, కాస్త ఎత్తులో, టెక్స్ట్ కమాండ్‌తో ‘వేట నిషేధం’ అని రాయి. హెచ్‌ఏకి సెంటర్ ఇస్తే మధ్యలో కుదురుతుంది.

ఇంకో సంగతి ఉంది, ఇది పట్టీ కంటే ముఖ్యం. ఏప్రిల్‌లో మీరు వేటకి వెళ్ళగలిగింది 14 రోజులే. జూన్‌లో 16 రోజులు. మార్చిలో మొత్తం 31. మార్చిలో 15.5 టన్నులు, ఏప్రిల్‌లో 7 టన్నులు వచ్చాయనుకుందాం. చార్టులో ఏప్రిల్ బార్ మార్చిలో సగం కూడా ఉండదు, ఎవరైనా పడిపోయిందనే అంటారు. రోజుకి ఎంత అని భాగించి చూడు: మార్చిలో అర టన్ను, ఏప్రిల్‌లోనూ అర టన్నే. మీ బోటు ఏమాత్రం వెనకబడలేదు! లోన్ ఇచ్చేవాళ్ళకి చూపించాల్సింది ఇదే. కాబట్టి రెండు చార్టులు వెయ్యి. ఒకటి నెల మొత్తం టన్నులు, పట్టీతో. దాని కింద ఇంకొకటి, వేటకి అనుమతి ఉన్న రోజులతో భాగించిన టన్నులు. రెండో దాంట్లో మే స్థానం ఖాళీగా వదిలెయ్యాలి. రోజులే లేనప్పుడు సగటు అన్న మాటే లేదు. ఆ నెలకి సున్నా రాయకుండా నంపై లైబ్రరీలో ఉండే, ‘అంకె లేదు’ అని చెప్పే నాన్ పెట్టు, అక్కడ బార్ రాదు.

రెండూ ఒకే చార్టులో చూపించాలనుకుంటే అదీ వీలవుతుంది. విడ్త్‌కి మామూలుగా 0.8 ఉంటుంది, దాని బదులు జాబితా ఇవ్వొచ్చు. ఎత్తు రోజు సగటు, వెడల్పు వేట రోజుల నిష్పత్తిలో, పక్క బార్ మీద పడనంత. అప్పుడు బార్ వైశాల్యం నెల మొత్తానికి తగ్గట్టు ఉంటుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ చూసేవాళ్ళకి పక్కన కూర్చుని వివరించాలి. లోన్ కాగితాలకి రెండు మామూలు చార్టులే మేలు.

హార్బర్ మొత్తానికి ఇలాంటి చార్టు వేసే విద్యార్థులు కూడా ఇది చదువుతుంటారు, వాళ్ళకో మాట. ఇంజను లేని తెప్పలకి ఈ నిషేధం వర్తించదు. మే నెల అంకె లేకపోతే అది సున్నా అని మీకు మీరే రాసెయ్యకండి.

ప్రశ్న: అమ్మా, నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా పిల్లలు రైతుబజార్‌లో కూరగాయల ధరలు రాసుకొచ్చారు. చార్టులో కూరగాయల పేర్లు తెలుగులో ఉండాలని వాళ్ళ పట్టుదల. పేర్లు పెడితే అన్నీ ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఫాంటు మారిస్తే డబ్బాలు పోయాయి గానీ పచ్చిమిర్చి కాస్తా ‘పచ్‌చిమిర్‌చి’లా విడిపోయింది. దీనికి దారి ఉందా? – పెందుర్తి నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, పిల్లల పట్టుదలకి నా నమస్కారం. దారి ఉంది. ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది విసిగిపోయి పేర్లని ఇంగ్లీషులోకి మార్చేస్తున్నారు. బెండకాయ ధర బెండకాయ అనే చదవగలగాలి.

మీకు వచ్చినవి రెండు వేర్వేరు సమస్యలు. ఖాళీ డబ్బాలు ఎందుకంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనతో తెచ్చుకునే డెజావూ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంటు ఏదైనా దింపుకోండి. విండోస్ కంప్యూటర్‌లో గౌతమి ఉంటే అదీ పనికొస్తుంది. దింపుకున్న ఫైలుని ఫాంట్‌మేనేజర్‌లోని యాడ్‌ఫాంట్ కమాండ్‌తో పరిచయం చేసి, ఆర్‌సీపారమ్స్ అనే సెట్టింగుల పట్టికలో ఫాంట్ డాట్ ఫ్యామిలీకి ఆ పేరు ఇవ్వండి. పేరు ఒక్కటే కాకుండా జాబితాగా ఇవ్వండి: మొదట నోటో సాన్స్ తెలుగు, తర్వాత డెజావూ సాన్స్. 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మొదటి ఫాంటులో లేని అక్షరాన్ని రెండోదాంట్లో వెతుక్కునే వీలు వచ్చింది. అరుదైన గుర్తులు, ఇంగ్లీషు మాటలు కలిసినా ఇబ్బంది ఉండదు.

రెండోది వత్తుల సమస్య, ఇది లోతైనది. చ పక్కన పొల్లు, ఆ పక్కన మళ్ళీ చి ఉంటే వాటిని కలిపి ‘చ్చి’గా మలచాలి. ఫాంటులో ఆ ఆకారం ఉంటుంది. దాన్ని ఎప్పుడు వాడాలో చెప్పే పని హార్ఫ్‌బజ్ లాంటి వేరే ప్రోగ్రాం చేస్తుంది. బ్రౌజర్లలో, ఫోన్లలో ఆ ఏర్పాటు ఉంది కాబట్టి అక్కడ మనకి ఎప్పుడూ తేడా రాలేదు. మన కంప్యూటర్లలో ఎక్కువగా ఉన్న మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్లు పీఎన్‌జీ బొమ్మ గీసేటప్పుడు ఒక్కో అక్షరాన్నీ విడిగా తీసి పక్కపక్కన పేర్చుకుంటూ పోతాయి. ఇంగ్లీషుకి అది చాలు. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్టు మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూడటానికి మొదలుపెట్టిన లైబ్రరీ ఇది, 2003లో బయటికి వచ్చింది. 2012లో ఆయన పోయాక కూడా ఎంతోమంది కలిసి దాన్ని నిలబెడుతున్నారు. మన భాషకి కావలసినవి అందులో చేరాలంటే మన పిల్లలు అక్కడ చెయ్యి వెయ్యాలి. మీ క్లాసులోంచే ఒకరు వెళ్తే ఎంత బాగుంటుంది!

ఈలోగా మీ చార్టు సంగతి. బొమ్మని పీఎన్‌జీగా కాకుండా ఎస్‌వీజీగా దాచండి. దానికి ముందు ఆర్‌సీపారమ్స్‌లో ఎస్‌వీజీ డాట్ ఫాంట్‌టైప్ అన్నదానికి నన్ అని రాయండి. కొటేషన్ గుర్తుల మధ్య, చిన్నక్షరాలతో. అలా చేస్తే పేర్లు బొమ్మలుగా మారకుండా అక్షరాలుగానే ఫైల్లో ఉండిపోతాయి. ఆ ఫైలుని క్రోమ్‌లో తెరవండి. పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, గోరుచిక్కుడు అన్నీ వత్తులతో చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే ఇప్పుడు రాస్తున్నది బ్రౌజర్. అక్కడి నుంచే ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్ చేసుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఫైలు తెరిచే కంప్యూటర్‌లో కూడా ఆ ఫాంటు ఉంటే మంచిది. లేకపోతే వేరే తెలుగు ఫాంటు పడి పేర్లు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. కమాండ్లతో అలవాటున్నవాళ్ళు ఎంపీఎల్‌కైరో అనే బ్యాకెండ్ (తెర వెనక బొమ్మ గీసే భాగం) కూడా చూడొచ్చు. అది వత్తుల్ని తనే మలుస్తుంది గానీ ఇన్‌స్టాల్ చెయ్యడం కొంచెం కష్టం. స్కూలు ల్యాబ్‌కి ఎస్‌వీజీ దారే సుఖం.

పేర్లు తెలుగులో ఉన్నప్పుడు అక్షరాల సైజు కాస్త పెంచండి. మామూలుగా వచ్చే 10 పాయింట్లలో వత్తులు నలిగిపోతాయి. 13 పెట్టి చూడండి. బొమ్మ మామూలుగా 6.4 అంగుళాల వెడల్పు, 4.8 ఎత్తు వస్తుంది. కూరగాయలు ఎక్కువుంటే ఫిగ్‌సైజ్‌లో ఎత్తు పెంచండి, వరసల మధ్య గాలి ఆడుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరాను. పోయినేడు పాసైన సరుకు 96 శాతం, ఈ ఏడు 98 శాతం. చార్టులో రెండు బార్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. మా మేనేజర్ గారు కొలబద్దని 95 నుంచి మొదలుపెట్టమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కాదనాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు? – గాజువాక నుంచి ఒక ఉద్యోగి

జవాబు: మీ మనసు సరిగ్గానే చెబుతోంది బాబూ. బార్ చార్టులో మనం చదివేది బార్ పొడవుని. సెట్ అండర్‌స్కోర్ వైలిమ్‌కి 95, 100 ఇస్తే పోయినేడు బార్ 1 ఎత్తు, ఈ ఏడు బార్ 3 ఎత్తు ఉంటుంది. మూడు రెట్లు పెరిగినట్టు కళ్ళు చదువుతాయి. పక్కన అంకెలు ఎంత సరిగ్గా రాసినా కళ్ళు ముందే తీర్పు చెప్పేస్తాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను బార్లని సున్నా నుంచే మొదలుపెడుతుంది. ఆ అలవాటుని చెడగొట్టొద్దు.

అయినా మీ మేనేజర్ గారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. జరిగింది చిన్న మార్పు కాదు, అది కనబడాలి అంటున్నారు. అయితే పాసైన సరుకు వదిలేసి, ఫెయిలైన సరుకుకి బార్లు వెయ్యండి. పోయినేడు 4 శాతం, ఈ ఏడు 2. కొలబద్ద సున్నా నుంచే. రెండో బార్ మొదటిదాంట్లో సరిగ్గా సగం ఉంటుంది. ‘తిరస్కరించిన సరుకు సగానికి తగ్గింది’ అని పైన రాయండి. ఇందులో అక్షరం అబద్ధం లేదు, ఆయన కోరినదానికంటే గట్టిగానే కనిపిస్తుంది. కాదు అనే బదులు ‘సార్, ఇలా వేస్తే ఇంకా బాగా తెలుస్తోంది చూడండి’ అని చూపించండి.

ప్రశ్న: అమ్మగారూ, మేం డ్వాక్రా సంఘాల లెక్కలు రాస్తాం. పొదుపు, అప్పు పక్కపక్కన రెండు రంగుల్లో చార్టు వేశాం. మీటింగ్‌కి జిరాక్స్ తీసి పంచితే రెండూ ఒకే నలుపులా వచ్చాయి. పైగా చార్టు పైన ‘1ఈ6’ అని ఏదో వస్తోంది, అదేంటని అందరూ అడుగుతున్నారు. – భీమిలి నుంచి

జవాబు: జిరాక్స్‌కి రంగు తెలియదమ్మా, గీతలు తెలుస్తాయి. పొదుపు బార్లకి కలర్ వైట్, ఎడ్జ్‌కలర్ బ్లాక్ ఇచ్చి, హ్యాచ్ అన్నచోట కొటేషన్ల మధ్య ఏటవాలు గీత పెట్టండి. ఒక గీత పెడితే పలచగా, మూడు పెడితే దట్టంగా గీతలు పడతాయి. జిరాక్స్‌కి రెండు చాలు, మరీ దట్టమైతే మళ్ళీ నల్లగా అలుక్కుపోతుంది. అప్పు బార్లకి గీతలొద్దు, నిండుగా ముదురు బూడిద వెయ్యండి. ఎడ్జ్‌కలర్ మాత్రం మర్చిపోకండి, తెల్ల బార్‌కి అంచు లేకపోతే కాగితంలో కలిసిపోతుంది. ఇలా చేస్తే ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్ళున్నవాళ్ళకి కూడా చార్టు అందుతుంది. మగవాళ్ళలో అలాంటివాళ్ళు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటారు, చాలామంది బయటికి చెప్పరు.

రెండు బార్లు పక్కపక్కన రావడానికి విడ్త్ 0.4 పెట్టి, ఒకదాన్ని స్థానం నుంచి 0.2 ఎడమకి, రెండోదాన్ని 0.2 కుడికి జరపండి. పేరు రెండింటి మధ్యలో కూర్చుంటుంది. బొమ్మ దాచేటప్పుడు డీపీఐ 300 ఇవ్వండి, గీతలు పదునుగా వస్తాయి.

‘1ఈ6’ అంటే పక్కనున్న అంకెల్ని పది లక్షలతో గుణించుకోమని. మన సంఘాల్లో ఎవరూ అలా లెక్కపెట్టరు. చార్టు వేసేముందే అంకెలన్నింటినీ లక్షతో భాగించి, పక్కన ‘లక్షల రూపాయల్లో’ అని రాయండి. 12,50,000 కాస్తా 12.5 అవుతుంది. సభ్యులు నోటితో చెప్పుకునేదీ ‘పన్నెండున్నర లక్షలు’ అనే కదా.

ప్రశ్న: ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ చేసి బార్ చార్టు వేశాను. ఎడమ పక్క అంకెలు 1,200 తర్వాత 950, ఆ తర్వాత 3,400 అని గజిబిజిగా వస్తున్నాయి. మొదటి బార్ అసలు కనిపించడం లేదు. సాఫ్ట్‌వేర్ పాడైందా? – అక్కయ్యపాలెం నుంచి ఒక చిరు వ్యాపారి

జవాబు: సాఫ్ట్‌వేర్ బాగానే ఉందండీ. మీ అంకెల్లో కామాలున్నాయి కాబట్టి పాండాస్ వాటిని అంకెలుగా కాకుండా మాటలుగా చదివింది. మాటలకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ వచ్చిన వరసలో 0, 1, 2 అని స్థానాలు ఇస్తుంది. మొదటిదానికి సున్నా వచ్చింది కాబట్టి ఆ బార్ నేలకి అతుక్కుపోయింది. రీడ్ అండర్‌స్కోర్ సీఎస్‌వీలో థౌజండ్స్ అన్నచోట కొటేషన్ల మధ్య కామా పెట్టి మళ్ళీ చదివించండి. లక్షలు దాటిన 1,25,000 లాంటివి కూడా సరిగ్గానే వస్తాయి. చదివాక డీటైప్స్ అని అడిగి చూడండి. అంకెలున్న నిలువు వరసకి ఇంట్ అనో ఫ్లోట్ అనో ఉండాలి. ఇంకా ఆబ్జెక్ట్ అనో, కొత్త పాండాస్‌లో ఎస్‌టీఆర్ అనో ఉంటే ఏదో గడిలో రూపాయి గుర్తో, ఖాళీ జాగానో, ‘లేదు’ అన్న మాటో మిగిలిపోయి ఉంటుంది. ఆ గడి వెతికి సరిచేశాకే చార్టు వెయ్యండి. అలాగే ఒకే పేరు రెండు వరసల్లో ఉంటే ఆ రెండు బార్లూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనిపిస్తాయి. మీ సరుకుల జాబితాలో అలాంటివి ఉంటే గ్రూప్‌బైతో ముందే కలిపెయ్యండి.